ఎనిమిదో తుప్పు

వెస్ద్రు నది లోయలో ఫిలోమెన్ కోల్సన్ చేతులు చూసి ఆవిడ పనేమిటో చెప్పలేనివాళ్ళు లేరు. గోళ్ళ చుట్టూ, వేళ్ళ గీతల్లో, మణికట్టు ముడతల్లో తుప్పు రంగు దిగిపోయి ఉండేది. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు సబ్బుతో, ఇసుకతో, వెనిగర్‌తో తోమి చూసేది. పోయేది కాదు. కొత్తగా వచ్చిన ఫాదరొకాయన, "కాస్త చేతులు కడుక్కుని రావచ్చుగా అమ్మా" అన్నాడట. "కడుక్కునే వచ్చాను ఫాదర్. ముప్ఫై ఒక్క ఏళ్ళ నుంచీ కడుక్కుంటూనే ఉన్నాను" అందావిడ. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

లోకమంతా ఇనుముకి తుప్పు పట్టకుండా నానా తంటాలు పడుతుంటే, ఫిలోమెన్ తుప్పు పట్టించి బతికింది. మా లోయలో తుపాకీ గొట్టాలు చేసే కొలిములు అప్పట్లో అడుగుకొకటి ఉండేవి. మగాళ్ళు కొలిమి దగ్గర గొట్టం చేస్తారు. తొలిచేవాళ్ళు తొలుస్తారు, ఆకురాయి పట్టేవాళ్ళు పడతారు. అన్నీ అయ్యాక అది ఫిలోమెన్ బల్ల మీదికి వస్తుంది. అప్పటికి అది పొయ్యి గొట్టంలా బూడిదరంగులో, ఏ కళా లేకుండా ఉంటుంది. దాన్ని చేసినవాడు పక్కనే నిలబడి చూసినా లోపల ఏముందో చెప్పలేడు.

ఉన్నదేమో చాలా. ఇనుప రేకు మీద ఉక్కు రేకు, దాని మీద మళ్ళీ ఇనుము, ఇలా దొంతర పేర్చి, కాల్చి, ఒకటిగా అతికి, సన్నటి కడ్డీగా సాగదీస్తారు. ఆ కడ్డీని ఎర్రగా కాల్చి తడిబట్ట పిండినట్టు మెలితిప్పుతారు. అలాంటివి మూడు పక్కపక్కన పెట్టి పట్టీ చేస్తారు. పక్కవి రెండూ కుడికి తిరిగితే మధ్యది ఎడమకి తిరగాలి. ఆ పట్టీని ఇనుప కమ్మీ చుట్టూ చుట్టి, అంచుకి అంచు మళ్ళీ అతుకుతారు. డమాస్కస్ అంటే అదీ. కొన్నవాడు దాని మీద వేలు పెట్టి ఆహా అంటాడు. తుపాకీ మీద పేరు మాత్రం దుకాణం వాడిది. ఆ మూడు కడ్డీలూ మెలితిప్పిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది గాని, ఫిలోమెన్‌కి మండేది కాదు. అంత ఓపిక మిగిలేది కాదావిడకి.

ఆవిడ ఆ గొట్టానికి సున్నంతో జిడ్డు తీసేది. రెండు వైపులా చెక్క బిరడాలు బిగించేది. స్పాంజిని ద్రావకంలో ముంచి, పిండి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే ఒక్కసారి తుడిచేది; రెండోసారి తగిలితే మరక. తరవాత తడి అల్మరాలో నిలబెడితే పూట గడిచేసరికి ఎర్రగా తుప్పు పూసేది. మరిగే నీళ్ళలో ముంచి, తీగ బ్రష్షుతో గీకి, మళ్ళీ మొదలు. రోజుకి రెండు చొప్పున నాలుగు రోజులు, ఎనిమిది తుప్పులు. నాలుగో తుప్పుకి ఏదో నీడ కనిపిస్తుంది. ఆరోదానికి గీతలు విడతాయి. ఎనిమిదోదానికి ఇనుము గోధుమరంగుకి తిరిగి, ఉక్కు వెండిలా మిగిలి, మూతి నుంచి మొదలుదాకా ఉంగరాలు తేలతాయి. చిన్నపిల్లల తలమీద జుట్టు ఉన్నట్టు వరసలు వరసలుగా.

కాబట్టి లోయలో ఎవడి చేతి బాగోగులైనా మొట్టమొదట తెలిసేది ఫిలోమెన్‌కి. ఎవరి గొట్టమో అడుగున కొట్టిన అంకె చూడకుండానే చెప్పేది. మొగుడి పినతండ్రి కొడుకు తూసాన్ ఉంగరాలు చిక్కగా, పిసినారి మూట కట్టినట్టు బిగుసుకుని ఉంటాయి. ఇంకొకడివి వదులు. ఇంకొకడికి ఓర్పు లేదు, అతుకు దగ్గర ఉంగరాలు కుదించుకుపోతాయి. ఇక మామూలు ఉక్కు గొట్టం మీద కాగితంతో ఉంగరాలు అచ్చువేసి డమాస్కస్ అని అంటగట్టే మహానుభావులు కూడా ఆ రోజుల్లో తయారయ్యారు. వాటిని ఆవిడ కళ్ళతో చూసేదే కాదు. బొటనవేలి గోరు ఆనించి లాగేది. అసలుదైతే ఉక్కు గీతలు వెంట్రుకవాసి ఎత్తుగా గోటికి తగులుతాయి. అచ్చుది గాజులా జారిపోతుంది.

మొగుడు రెమాకల్ విషయంలో అయితే, ఆవిడ మనిషిని చూడకముందే గొట్టం చూసింది. అప్పుడావిడకి ఇరవై మూడు, తల్లి దగ్గర ఈ పని నేర్చుకుంటోంది. ఒక గొట్టం ఎనిమిదో తుప్పుకి విచ్చుకుంటే, ఉంగరాలన్నీ సమానంగా, తొందరా బద్ధకమూ లేకుండా, ప్రతి ఉంగరమూ ఒక్క రవ్వ ఎడమకి ఒరిగి ఉన్నాయి. "ఎవరిదమ్మా ఇది?" అని అడిగింది. తల్లి, "కోల్సన్ వాళ్ళ కుర్రాడిది. చూడ్డానికి మాత్రం ఎలుగుబంటిలా ఉంటాడు, ముందే చెబుతున్నా" అంది. ఉన్నాడు కూడా. అయినా చేసుకుంది.

ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగేనాటికి, అంటే పంతొమ్మిది వందల ఎనిమిదిలో, ఆవిడకి యాభై నాలుగు, ఆయనకి యాభై తొమ్మిది. నలభై నాలుగేళ్ళుగా ఆయన తెల్లటి మంటలోకి చూస్తున్నాడు. గొట్టం అతకడంలో కొలబద్దలేమీ ఉండవు. ఇనుము తెల్లబడి, చెమర్చినట్టు మెరిసే క్షణం ఒకటుంటుంది. దానికి ముందు కొడితే అతుకు పట్టదు. దాటాక కొడితే ఉక్కు మాడుతుంది. ఆ క్షణాన్ని పట్టుకునేది కన్నే. నాలుగు దశాబ్దాలు మంట చూసిన కన్ను ఏమవుతుందో మా లోయలో ఎవరినీ అడగక్కర్లేదు. చర్చి మెట్ల మీద కూర్చునే ముసలాళ్ళని చూస్తే చాలు.

అంతకు ముందు ఏడాది ఈస్టర్ వెళ్ళిన వారంలో, రెమాకల్ గొట్టం ఒకటి ఆరో తుప్పుకి విడుతుండగా ఫిలోమెన్ బ్రష్షు ఆపేసింది. మధ్య కడ్డీ తిరగబడింది. మూడు కడ్డీలూ ఒకే వైపు తిరిగి, జాన పొడవున ఉంగరాలు దారితప్పి పక్కకి పారిపోతున్నాయి. బలానికి దోషం లేదు, అందానికే. అలసిపోయి ఉంటాడు, కుడిది ఎడమనుకుని అందుకుని ఉంటాడు అనుకుంది. అది చేసిన రాత్రి కాలువ నీళ్ళు తక్కువై, తిత్తులు ఆడక కొలిమి ఆలస్యమైంది కూడా.

సాయంత్రం ఆయన బంగాళదుంపల కూర ముందు కూర్చుని, రోజూ అడిగినట్టే అడిగాడు. "ఎలా వచ్చాయే?"

"బాగానే వచ్చాయి" అంది.

ఉడత వెంట్రుకల కుంచె ఒకటి పుల్లంత సన్నటిది కొనుక్కొచ్చింది. లక్కా, మైలుతుత్తం కలిపి, పాడైన జాన మేరా మొగుడి ఉంగరాలు తనే గీసింది. కళ్ళు మూసుకున్నా గీయగలదు వాటిని. గీశాక చూసుకుంటే ఆవిడకే తేడా తెలియలేదు. గోరు పెట్టి చూసుకోలేదు.

రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. నాలుగోదానిలో తిరగబడ్డ కడ్డీ కాదు, బూడిదరంగు గీత కనిపించింది, వెంట్రుక మందాన. అతుకు పట్టలేదన్నమాట. ముందు ఒక మాట అనుకుంది: బల్ల మీదికి రాకముందే ప్రతి గొట్టాన్నీ పరీక్షలో మందు దట్టించి పేలుస్తారు, ఇదీ తట్టుకుంది కదా. వెంటనే ఇంకొకటి కూడా అనుకోక తప్పలేదు: ఒక్క రోజు తట్టుకోవడం వేరు, ముప్ఫై ఏళ్ళు వాననీళ్ళు ఆ గీతలోకి దిగుతూ ఉంటే తట్టుకోవడం వేరు. తుపాకీ పేల్చేవాడి ఎడమచెయ్యి సరిగ్గా దాని కింద ఉంటుంది. ఎవడిదో ఆ చెయ్యి. ఎక్కడి వాడో.

చెప్పేయాలి. చెప్పేస్తే? యజమాని గోబియే దొర చెడ్డవాడేం కాదు; అయితే కొలిమి కళ్ళులేనివాడికి ఇవ్వడు కదా. ఇల్లు కొలిమితో వచ్చింది, కొలిమితోనే పోతుంది. అదీ పెద్ద సంగతి కాదు. రెమాకల్ ఏమవుతాడు? మనిషికి మాటలు రావు, పేకాట రాదు, చేపలు పట్టడం రాదు. వచ్చింది ఒక్కటే. అది తీసేసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టడం ఆవిడ ఊహకి అందలేదు. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ ఉంగరాలు ఇక లోయలో ఎవరూ చేయరన్న మాట ఆవిడే మొదట అనాల్సి రావడం ఆవిడకి ఇష్టం లేదు. కుంచె అందుకుంది.

అబద్ధం కూడా చాకిరీయే. పగలంతా తుప్పు పట్టించి, గీకి, మరగబెట్టి, ఆ పైన ఎవరూ చూడకుండా గంటలు గంటలు ఉంగరాలు గీసేది. మోకాళ్ళు వాచాయి. ఇంట్లో ఆయన కాఫీ పోసుకుంటూ కప్పులోకి వేలు జొనిపి, ఎంతవరకూ నిండిందో చూసుకోవడం గమనించింది. "ఈ దీపం పొగచూరిపోయింది, చిమ్నీ తుడవ్వేమే" అని విసుక్కునేవాడు. తుడిచిన చిమ్నీనే మళ్ళీ తుడిచేది. ప్రతి సాయంత్రం "ఎలా వచ్చాయే?" అనేవాడు. ప్రతి సాయంత్రం "బాగానే" అనేది. ఏడాదిన్నర గడిచేసరికి పదకొండు గొట్టాలు అలా వెళ్ళిపోయాయి.

డిసెంబరు ఒకటో తారీకు సెయింట్ ఎలాయ్ పండగ, సుత్తి పట్టినవాళ్ళ పండగ. ఆ రోజు మా లోయలో కొలిమి రాజేయరు. పూజ అయ్యాక కొలిమి పెద్దలందరూ మార్గరీట్ కెఫేలో చేరతారు. గోబియే దొర గోదాములోంచి ఆరు పూర్తయిన గొట్టాలు పంపిస్తాడు. అంకెల మీద గుడ్డ చుట్టి బల్ల మీద పరుస్తారు. ఏది ఎవరిదో ఉంగరాలు చూసి చెప్పాలి. తప్పు చెప్పినవాడు అందరికీ పెకె సారా పోయించాలి. మామూలుగా తప్పులు ఎవరూ చెప్పరు. కావాలని చెబితే తప్ప. ఆడవాళ్ళు కిటికీ పక్కన కాఫీ తాగుతూ వాళ్ళ వేషాలు చూస్తుంటారు.

ఫిలోమెన్ కాఫీ తాగలేదు. బల్ల మీద నాలుగోది దూరం నుంచే పోల్చుకుంది. అది ఆవిడ కుంచెతో ఉంగరాలు వేసిన ఏడోది. ఈపాటికి సముద్రం దాటి ఉంటుందనుకుంది.

తూసాన్ దాన్ని వెలుతురు వైపు ఎత్తి పట్టాడు. నోటిదూల మనిషి. "ఇది అన్నయ్యదేనర్రా... ఆగండాగండి. ఇక్కడిదాకా అన్నయ్యది. ఇక్కణ్ణించి జానెడు మాత్రం ఎవరో లేసు అల్లే ఆడమనిషిది."

అందరూ గొల్లుమన్నారు.

"చూడండిరా, నేనబద్ధం చెబుతానా! ఎంత ముద్దుగా ఉన్నాయో ఒక్కొక్కటీ. సుత్తి దెబ్బ తిన్న మొహమేనా ఇది? ఏం వదినా, మా అన్నకి కొలిమి దగ్గర కూడా అల్లికలు నేర్పుతున్నావా?" అని కిటికీ వైపు తిరిగాడు. తిరిగి, వదిన మొహం చూసి, నోరు మూసుకున్నాడు. నోటిదూల ఉన్నా బుర్ర తక్కువవాడు కాదు. "సరే సరే, నేనే ఓడిపోయా. మార్గరీటూ, సారా పొయ్యి" అని గొట్టం కింద పెట్టబోయాడు.

"ఇలా తే" అన్నాడు రెమాకల్.

ఆయన దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకోలేదు. ఆ వేషం వేసి ప్రయోజనం లేదని ఆయనకి తెలుసు. ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి గోరు మొదట్లో ఆనించి, నెమ్మదిగా మూతి వైపు లాగాడు. గోరు గరగరమంటూ వెళ్ళింది. తరవాత చప్పుడు ఆగిపోయింది. జానెడు మేర గోరు నూనె మీద జారినట్టు జారింది. మళ్ళీ వెనక్కి తెచ్చి లాగాడు. ఈసారి ఆ నున్నటి మేరలో ఒకచోట గోరు చిన్నగా తట్టుకుంది. అక్కడే ఉంచాడు.

ఎవరో పాట ఎత్తుకున్నారు. ఫిలోమెన్‌కి ఆ పాట వినపడలేదు. ఈ క్షణం ఎప్పుడో వస్తుందని ఏడాదిన్నరగా భయపడింది, తీరా వచ్చాక ఆవిడకి భయం వెయ్యలేదు. ఎక్కడైనా పడుకుంటే బాగుండనిపించింది.

"నాదే" అన్నాడు రెమాకల్. "ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నాదే. తూసాన్ ఓడిపోయాడు." సారా ఒక్క గుక్కలో తాగి, టోపీ పెట్టుకున్నాడు. "పోదామా?" అన్నాడు పెళ్ళాంతో.

బ్యాండువాళ్ళు ఇంకా వంతెన మీద వాయిస్తున్నారు. సన్నటి వాన. ఏటి గట్టు వెంట నడుస్తుంటే ఆయన ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ప్రేమతో వేశాడో, దారి కనపడక వేశాడో ఆవిడకి తెలియలేదు.

"ఎన్ని?" అన్నాడు కొంత దూరం పోయాక.

"పదకొండు."

"అన్నీ అతుకు దగ్గర తెరుచుకున్నాయా?"

"లేదు. ఏడింటికి కడ్డీ తిరగబడిందంతే. నాలుగు తెరుచుకున్నాయి."

"ఎప్పట్నించి?"

"పోయినేడు ఈస్టర్ నించి."

ఆయన నిలబడిపోయాడు. "ఈస్టర్ నించా" అన్నాడు. "నాకు ఎర్రా తెలుపూ తేడా తెలియడం మానేసిందీ అప్పుడే."

"నీకు తెలుసా?" అంది ఫిలోమెన్. "తెలిసీ కొలిమి దగ్గర నిలబడ్డావా?"

"తెలియకపోవడమేంటే, నా కళ్ళు కాదూ! చెవితో చేశా. ఇనుము కాగినప్పుడు చప్పుడు మారుద్ది. బుసబుసలాడుద్ది. ముందు భయపడ్డా. రేపో మాపో ఫిలోమెన్ చెబుద్దిలే, చెప్పిన రోజు సుత్తి దించేద్దాం అనుకున్నా. రోజూ అడిగా నిన్ను. అడిగానా లేదా?"

"అడిగావు."

"నువ్వు బాగానే వచ్చాయన్నావు. ఒక నెల చూశా, రెండు నెలలు చూశా. ఓహో, చెవి చాలన్నమాట, నాకిక కళ్ళతో పనిలేదన్నమాట అనుకున్నా. గర్వపడ్డానే కూడా. ఈ వయసులో కొత్త విద్య పట్టుబడిందని బతీస్తుతో గొప్పలు పోయా." బతీస్తు ఆయన కింద సమ్మెట కొట్టే మనిషి. "ఇంకొకళ్ళెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. నువ్వు చెప్పావని నమ్మా."

ఆయన్ని కాపాడుతున్నాననుకుంటూ ఏడాదిన్నర పాటు ఆయన్ని గుడ్డిగా మంటలోకి తోసింది తనే. ఆవిడ ఒక్కసారి బాగాలేదని చెప్పి ఉంటే మొదటి గొట్టంతోనే ఆగిపోయేది. ఆ మాట ఆయన అనలేదు. అనకపోయినా ఆవిడకి అర్థమైంది, అర్థమయ్యాక ఏడుపొచ్చింది. గట్టు మీద, వానలో, పండగ బట్టల్లో నిలబడి పెద్దగా ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. అలా అని భుజం మీద చెయ్యీ తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ గోబియే దొర ఆఫీసు గదికి వెళ్ళారు. "నా కళ్ళు పోయాయి దొరా. పాడైన గొట్టాల మీద బొమ్మలెయ్యమని నేనే దీనికి చెప్పా" అన్నాడు రెమాకల్.

"చెప్పలేదు దొరా. ఆయనకి నిన్నటిదాకా తెలియదు" అంది ఫిలోమెన్.

"నువ్వూరుకో."

"ఊరుకుని ఊరుకునే ఇక్కడిదాకా తెచ్చా. ఇంక ఊరుకోను."

దొర కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి, మొహం రుద్దుకున్నాడు. ఆయనా ముసలాడే. కేకలు వేస్తాడనుకున్నారు, వెయ్యలేదు. తెరుచుకున్న నాలుగింటి అంకెలూ అడిగాడు. ఫిలోమెన్ పుస్తకం చూడకుండా గడగడా చెప్పింది. ఆ అంకెలు ఆవిడ నిద్రలో కూడా వదలని అంకెలు. రెండు గోదాములో దొరికాయి. ఒకటి నిన్న కెఫే బల్ల మీద ఉన్నదే. రెమాకల్ వాటిని దాగలి మీద పెట్టుకుని తనే సమ్మెటతో చదును చేశాడు. దానికి చూపు అక్కర్లేదు. మిగతా రెండూ అప్పటికే తుపాకులై అమెరికా వెళ్ళిపోయాయి. కొన్న దుకాణానికి దొర ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. ఆ ఇద్దరి ఎడమచేతులూ ఎలా ఉన్నాయో ఫిలోమెన్‌కి చచ్చేదాకా తెలియలేదు.

కొలిమి తూసాన్‌కి ఇచ్చారు. అతను వద్దన్నాడు, రెమాకల్ తిట్టి ఒప్పించాడు. శీతాకాలం వెళ్ళేలోగా ఇల్లు ఖాళీ చేసి ఫ్రెపో ఊళ్ళో ఫిలోమెన్ చెల్లెలి మేడగదిలోకి మారాలి. తుప్పు పని కూడా ఆవిడ చేతుల్లోంచి తీసేశారు. దొర తప్పేం లేదు. అల్మరా తాళంచెవి ఇవ్వడానికి ఆవిడ వెళ్ళబోతుంటే, రెమాకల్ అడ్డుపడ్డాడు.

"బల్ల మీద నాదొకటి ఇంకా ఉందిగా?"

ఉంది. పండగ ముందు వారం చేసింది, అన్నిటికన్నా ఆఖరిది. పరీక్షకి కూడా పంపకుండా ఆకురాయి పట్టి వదిలేశారు. దొర దాన్ని పాత ఇనుములో పడెయ్యమన్నాడు.

"పడేద్దాంలే. ముందు దానికి తుప్పు పట్టించు" అన్నాడు.

"ఎందుకయ్యా ఇప్పుడు? నీకూ ఓపిక లేదు, నాకూ లేదు."

"కుంచె ముట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు తియ్యి."

నాలుగు రోజులు పట్టింది. ఆయన స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. పెళ్ళాం పని ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ కూర్చుని చూసింది లేదు, ఇప్పుడు చూడ్డానికి చూపు లేదు. ద్రావకం వాసనకి దగ్గేవాడు. నీళ్ళు మరిగితే చెప్పేవాడు. బ్రష్షు చప్పుడు వింటూ కునుకు తీసేవాడు. మధ్యాహ్నం నల్లరొట్టె మీద పళ్ళపాకం రాసి ఇస్తే తిన్నాడు. ఆరో తుప్పు దగ్గర ఆవిడ చెయ్యి ఆగితే ఆయనకి తెలిసింది, "కానీ" అన్నాడు.

ఎనిమిదో తుప్పు గీకి, వేడినీళ్ళలో ముంచి, తుడిచి, ఆవిడ గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంత అధ్వాన్నమైన గొట్టం ఆవిడ బల్ల మీదికి రాలేదు. మొదట్లో జాన దాకా రెమాకలే. ఆ తరవాత కడ్డీ తిరగబడింది, తిరగబడిన చోటే ఉక్కు మాడి మచ్చలు తేలాయి, మచ్చల పక్కన అతుకు వేలెడు పొడవున నోరు తెరుచుకుని ఉంది.

"ఎలా వచ్చిందే?" అన్నాడు ఆయన వెనక నుంచి.

బాగానే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అలవాటు. ఫిలోమెన్ గొట్టం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన బొటనవేలు పట్టుకుని, ఉంగరం ఉంగరం మీదుగా నడిపిస్తూ, ఎక్కడ ఏముందో చెప్పింది. ఇక్కడిదాకా సరిగ్గా ఉంది. ఇక్కడ కడ్డీ తప్పింది. ఇది మాడింది. ఇదిగో, ఇక్కడ తెరుచుకుంది, ఇంత పొడవు. చెబుతుంటే ఆవిడ కన్నీళ్ళు ఆయన చేతి మీద పడ్డాయి. ఏ ఒక్కటీ వదలకుండా మూతిదాకా చెప్పింది.

"చాలా పాడైంది రెమాకల్" అంది చివరికి. "ఇంక చెయ్యకూడదు నువ్వు."

ఆయన తల ఊపాడు. గొట్టాన్ని పక్కన గోడకి ఆనించి, తుప్పు పట్టిన ఆవిడ చేతుల్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"చెప్పావు" అన్నాడు. "ఇప్పటికి చెప్పావు."